దేహమును నిలుపు యత్నములు

సిద్దిపేటకు సమీపమున నంగునూరు మండలములో నర్మెట్ట యను గ్రామము కలదు. ఆ గ్రామ పరిసరములందు పెద్ద పెద్ద బండలను వలయాకారముగా పేర్చిన కట్టడములు కానవచ్చును. తెలంగాణ పల్లెలలో జనులు ఇట్టి వానిని రాక్షసగుళ్లని పిలుతురు. అంతటి బండలను మనుష్యులు కదల్పజాలరనియు, అది రాక్షసుల పనియే అయియుండుననియు మన పెద్దలు తలచిరి. కాని ఇవి గుళ్లు కావు. రాక్షసులు కట్టినవియు కావు. రెండువేల సంవత్సరములకు పైబడిన కాలమున, ఇనుమును కరగించి పనిముట్లు చేసికొన నేర్చిన ప్రజలు తమవారిని పాతిపెట్టిన సమాధులివి.

2017వ సంవత్సరమున తెలంగాణ పురావస్తుశాఖవారు నర్మెట్టలో త్రవ్వకములు సాగించిరి. అచ్చట ఒక సమాధిపై కప్పిన రాయి ఇంచుమించు 40 టన్నుల బరువు కలదిగా తేలినది. దానిని తొలగించుటకు క్రేను తెప్పింపవలసి వచ్చెను. క్రేనులు లేని కాలమున, త్రాళ్లతోడను, దూలములతోడను, భుజబలముతోడను ఆ రాతిని అచ్చటికి చేర్చి, గోతిపై సరిగా కూర్చుండబెట్టిన వారి పూనికను ఊహింపవలసినదే. ఆ రాతి క్రింద లభించినవి కుండలు, కొన్ని ఎముకలు. ఆ ఎముకలనుండి వంశలక్షణములు తెలియవచ్చునేమో యని వానిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనశాల శాస్త్రజ్ఞులకు అప్పగించిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపదగియున్నది. రాయి చెక్కుచెదరలేదు, దేహము మాత్రము నిలువలేదు. ఎండయు వానయు మారిమారి వచ్చెడి మన ఎఱ్ఱనేలలలో మాంసము మాట అటుండ, ఎముకలు సైతము పెక్కుచోట్ల పొడియైపోయినవి. కొన్ని సమాధులలో మొదటినుండియు పూర్ణదేహమే లేదు. మాంసము శిథిలమైన పిమ్మట ఎముకలనుమాత్రము ఏరి తెచ్చి కుండలలోనో రాతిపెట్టెలలోనో ఉంచెడి ఆచారము ఆనాడు కలదు. అనగా మన ప్రాంతపు పూర్వులు దేహమును నిలుపుటకు యత్నింపలేదు. దేహమున్న చోటును నిలుపుటకు యత్నించిరి. ప్రపంచమున మరికొందరు దేహమునే నిలుపబూనిరి. ఈ రెండవ యత్నపు చరిత్ర మన హైదరాబాదునకును, నేడు మన పల్లెలకును సంబంధించినదే యగుటచేత దానిని కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

మొదట దేహము ఏల చెడునో చూతము. ప్రాణము పోయినంతనే శరీరములోని కణములు తమలోని పాచకరసములచేతనే కరగుట కారంభించును. జీవించియున్నప్పుడు ప్రేగులలో అణగియుండిన సూక్ష్మజీవులు అడ్డు లేక విజృంభించును. ఈ రెండింటికిని తడి కావలెను, వెచ్చదనము కావలెను. కనుక దేహమును నిలుపదలచినవాడు నాలుగింటిలో ఏదేని ఒకటి చేయవలెను: తడిని తీసివేయవలెను, లేదా చల్లబరుపవలెను, లేదా గాలి తగులకుండ చేయవలెను, లేదా సూక్ష్మజీవులను చంపి మాంసముయొక్క స్వభావమునే మార్చవలెను. ఇందులో మొదటిదియు మూడవదియు మన గృహిణులకు క్రొత్తవి కావు. మామిడి ముక్కను తుడిచి ఆరబెట్టి, ఉప్పులో ఊరబెట్టి, పైన నూనె తేలునట్లు జాడీకి ఎత్తుటలో ఉన్న సూత్రమదియే. ఈజిప్టువాసులు ఉప్పును నమ్మిరి. మన ప్రాచీనగ్రంథములు నూనెను చెప్పినవి.

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండము చదివినవారికి తైలద్రోణి జ్ఞాపకముండును. దశరథ మహారాజు మరణించునప్పటికి రామలక్ష్మణులు అరణ్యమున ఉండిరి. భరతశత్రుఘ్నులు కేకయరాజ్యమున ఉండిరి. అంత్యక్రియలు జరుపుటకు కుమారుడు లేడు. అందుచేత అమాత్యులు రాజదేహమును నూనె నింపిన తొట్టిలో ఉంచి, భరతునికొరకు దూతలను పంపిరి. భరతుడు ఏడు రాత్రులు దారిలో గడపి అయోధ్య చేరినట్లు వాల్మీకి చెప్పుచున్నాడు. నూనె గాలిని అడ్డగించి చెడుటను కొంత ఆలస్యము చేయునేగాని, లోపలినుండి వచ్చు మార్పును ఆపజాలదు. వారికి కావలసినదియు ఆ కొద్ది వ్యవధియే. కుమారుడు వచ్చి కన్నులార చూచి కర్మ చేయువరకు దేహము నిలిచిన చాలును. బుద్ధభగవానుని నిర్యాణానంతరము కుశీనగరమున ఆయన దేహమును వస్త్రములతో పొరలు పొరలుగా చుట్టి, నూనె నింపిన లోహపాత్రలో ఉంచిన తరువాతనే దహనము చేసిరని బౌద్ధగ్రంథములు తెలుపుచున్నవి.

దహనానంతరము మిగిలిన అస్థిశకలములే బౌద్ధులకు పూజ్యములైనవి. వానికై కట్టిన స్తూపములు మన కృష్ణాతీరమున కోకొల్లలు. 1892లో అలెగ్జాండర్ రీ నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినప్పుడు రాతిపేటికలు, స్ఫటికపు భరిణెలు బయల్పడినవి. ఆ రాతిపేటికలపై క్రీస్తుపూర్వపు బ్రాహ్మీలిపిలో వ్రాసిన శాసనములు కలవు. అందు బుద్ధుని ధాతువులను చెప్పుటకు వాడిన మాట శరీరమనియే. చిటికెడంత ఎముకతునకను వారు శరీరమనిరి. ఆ భట్టిప్రోలు ధాతువు 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారమునకు చేరి, నేటికిని పూజలందుకొనుచున్నది. నర్మెట్ట సమాధికివలెనే ఇచ్చటను రక్షణ కల్పించినది ద్రవ్యము కాదు. రాయియు, దానియెడ ప్రజలకు గల భక్తియు.

దేహమును మొత్తముగా శాశ్వతముగా నిలుపవలెనను పట్టుదల ఈజిప్టువారిది. దాని ఫలితమును చూచుటకు మనము నైలునది వరకు పోనక్కరలేదు. హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమునకు పోయిన చాలును. అచ్చట అద్దపు పెట్టెలో ఒక యువతి దేహము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతమున వేయి పౌండ్లు చెల్లించి దీనిని కొని తెచ్చెను. ఆయన దానిని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారికి కానుకగా ఇచ్చెను. నిజాము 1930లో మ్యూజియమునకు బహూకరించెను. ఆమె పేరు నైషు అనియు, ఫారో వంశీయురాలనియు మ్యూజియమువారు చెప్పుచున్నారు. ఆమె కాలము క్రీ.పూ. 300కును 100కును నడుమనిదని నిర్ణయించిరి. ఆ కాలమున ఈజిప్టును పాలించినవారు అలెగ్జాండరు సేనాని టాలెమీ సంతతివారైన గ్రీకులు. అనగా నర్మెట్టవంటి సమాధులు దక్కనులో ఇంకను వాడుకలో ఉన్న దినములలోనే నైలుతీరమున ఆమెకు సంస్కారము జరిగినది. ఒకే యుగమునకు చెందిన రెండు ఆచారముల గుర్తులు నేడు ఒకే రాష్ట్రమున, వంద మైళ్లలోపు దూరమున ఉండుట విశేషము.

ఈజిప్టువారు ఈ విద్యను మొదట ఇసుకనుండి నేర్చిరని పండితుల ఊహ. అతిప్రాచీనకాలమున ఎడారి యిసుకలో గోయి తీసి పాతిపెట్టిన దేహములు, వేడి యిసుక తడిని పీల్చివేయుటచేత, తమంతట తామే ఎండి నిలిచినవి. తరువాత ధనికులకు శవపేటికలు, రాతిగదులు వచ్చినవి. దేహమునకును ఇసుకకును సంబంధము తెగినది, దేహము చెడసాగినది. ఇసుక చేసిన పనిని మానవుడు స్వయముగా చేయవలసి వచ్చెను. దానికి వారికి దొరికిన ద్రవ్యము నాట్రను. ఎండిన ఉప్పుసరస్సుల అడుగున పేరుకొనెడి ఈ పదార్థములో సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు, వంట ఉప్పు, సల్ఫేటు కలసియుండును. మన చాకలివారు పూర్వము బట్టలుతుకుటకు వాడిన చవుటిమన్నునకు ఇది దగ్గరి బంధువు. నాట్రను తడిని పీల్చును, క్రొవ్వును విరుచును, సూక్ష్మజీవులను పెరుగనీయదు.

క్రీ.పూ. 5వ శతాబ్దమున ఈజిప్టును దర్శించిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు ఈ పద్ధతిని వర్ణించెను. వెల ననుసరించి మూడు తరగతుల సంస్కారములుండెడివని ఆయన చెప్పుచున్నాడు. ఉత్తమమైన దానిలో ఇనుప కొంకితో ముక్కుద్వారా మెదడును తీయుదురు. ప్రక్కను కోసి ప్రేగులు మున్నగువానిని వెలికి తీసి, లోపల తాళమద్యముతో కడిగి, సుగంధద్రవ్యములు నింపి కుట్టుదురు. అటుపై డెబ్బది దినములు నాట్రనులో ఉంచుదురు. ఈ నాట్రను నీటిలో కలిపినదా, పొడిదా యను వివాదము చాలకాలము సాగినది. కైరోలో పనిచేసిన రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ లూకాస్ పావురములపై ప్రయోగములు చేసి, పొడి నాట్రనే ఫలితమిచ్చునని చూపెను. డెబ్బది దినములు మొత్తము కార్యమునకు పట్టెడి కాలమనియు, అందు ఎండుటకు నలువది దినములు చాలుననియు నేటి విద్వాంసుల అభిప్రాయము. ఎండిన దేహమునకు బంకలు, తైలములు, మైనము పూసి, నారబట్టల పట్టీలతో చుట్టెడివారు. గుండెను మాత్రము తీసెడివారు కారు. పరలోకమున న్యాయాధిపతుల యెదుట త్రాసులో తూగవలసినది అదియే గదా!

ఈ బంకల విషయమున ఇటీవల తెలిసిన సంగతి యొకటి మనకు ఆసక్తికరము. కైరో చెంత సక్కారాలో క్రీ.పూ. 7వ, 6వ శతాబ్దములనాటి సంస్కారశాల బయల్పడినది. అందలి కుండలపై ఆయా ద్రవ్యముల పేర్లు, వాడుక విధానము వ్రాసియున్నవి. కుండలలో అంటుకొని మిగిలిన పదార్థమును జర్మనీ, ఈజిప్టు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. దేవదారు, సరళవృక్షముల తైలములతోపాటు డామరు బంకయు అందు కానవచ్చినది. డామరు చెట్లు మధ్యధరా ప్రాంతమున పెరుగవు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా అడవులలో పెరుగును. మనము ధూపము వేయు గుగ్గిలము నిచ్చెడి సాలవృక్షము ఈ కుటుంబములోనిదే. ఒక ఫారోప్రజ పరలోకయాత్రకు వలసిన జిగురు సముద్రములు దాటి మన దిక్కునుండి పోయినదన్నమాట.

ఇంత శ్రద్ధతో చేసిన దేహమైనను హైదరాబాదు వాతావరణమున క్షేమముగా ఉండజాలదు. ఎడారిలో ఎండిన దేహమునకు మన వర్షాకాలపు తేమ శత్రువు. నారపట్టీలు పెళుసెక్కి చినుగసాగినవి. 2016లో మ్యూజియమువారు ఆమె దేహమునకు ఎక్స్‌రేలును, సి.టి. స్కానింగును తీయించిరి. పట్టీలను విప్పకయే లోపలి స్థితిని తెలిసికొనుటకు ఇదియే మార్గము. తరువాత నిపుణులైన పరిరక్షకుల సాయముతో పట్టీలను బాగుచేసి, గాలి చొరని క్రొత్త పేటికలో నత్రజని నింపి అందు ఉంచిరి. ఆమ్లజని లేనిచోట పురుగును, బూజును పెరుగవు. రెండువేల సంవత్సరములకు మించి ఆమెను నాట్రను కాపాడినది. నేడు ఆ భారము నత్రజని వహించుచున్నది.

ఇక ఆధునిక పద్ధతి. 18వ శతాబ్దమున లండనులో శరీరనిర్మాణశాస్త్రము బోధించిన విలియం హంటరు, దేహమును కోసి ఎండబెట్టుటకు బదులు రక్తనాళములద్వారానే ద్రవ్యములను ఎక్కించు పద్ధతిని వృద్ధిచేసెను. ప్రాణమున్నప్పుడు రక్తము ఏ మూలకు పోవునో, మరణానంతరము మందును ఆ మూలకే పోవునను ఈ యూహయే నేటి ఎంబామింగునకు పునాది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమైనది. ఇంటికి వందలమైళ్ల దూరమున కూలిన సైనికుల దేహములను తలిదండ్రులకు చేర్చవలసి వచ్చినప్పుడు ఈ విద్యకు గిరాకి కలిగెను. 1865లో హత్యకు గురియైన అధ్యక్షుడు లింకన్ దేహమును వాషింగ్టన్‌నుండి స్ప్రింగ్‌ఫీల్డునకు రైలులో కొనిపోవుటకు ఇంచుమించు రెండు వారములు పట్టినది. దారిపొడవున ప్రజలు ఆయన ముఖమును చూడగలిగినది ఎంబామింగువలననే. ఆనాటి ద్రావణములలో పాషాణము కలిపెడివారు. అది చేసినవారికిని ప్రమాదకరము. పైగా విషప్రయోగముచేత చంపబడినవాని దేహములో పాషాణము కనిపించినను, అది హంతకుడు పెట్టినదో, ఎంబామరు ఎక్కించినదో తేల్చుట కష్టమయ్యెను. అందుచేత 20వ శతాబ్దారంభమున దాని వాడుకను నిషేధించిరి.

దాని స్థానమును ఆక్రమించినది ఫార్మాల్డిహైడు. 1860ల దశకమున జర్మను రసాయనవేత్త హాఫ్‌మన్ ఈ వాయువును నిర్ధారించెను. 1893లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ దాని క్రిమిసంహారకశక్తిని పరీక్షించుచు, తన వ్రేళ్ల చర్మము గట్టిపడుటను గమనించెను. మాంసకృత్తులలోని అణువులను ఒకదానితో నొకటి వంతెన కట్టినట్లు బంధించుట దీని గుణము. అట్లు బంధింపబడిన మాంసము సూక్ష్మజీవులకు ఆహారముగా పనికిరాదు. నూటికి 37నుండి 40 పాళ్లు ఈ వాయువు కరగిన నీటినే ఫార్మలిన్ అందురు. దానిని పలుచన చేసి, మద్యసారము, గ్లిసరిన్, ఫినాల్ మున్నగువానితో కలిపి తొడలోని లేదా మెడలోని ధమనిద్వారా ఎక్కింతురు. ఇది ఈజిప్టువారి పనివలె వేలయేండ్లకు ఉద్దేశింపబడినది కాదు. దీనివలన లభించునది కొంత వ్యవధి మాత్రమే. దీని ఘాటు కన్నులను, గొంతును మండించును. 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ దీనిని మానవులలో క్యాన్సరు కలిగించు ద్రవ్యముల పట్టికలో చేర్చినది.

ఈ ద్రవ్యము పేరెరుగని కుటుంబములు సైతము తెలంగాణ పల్లెలలో దాని వాసనను ఎరుగును. సిద్దిపేట, సిరిసిల్ల, కరీంనగరం, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయి, మస్కటు, సౌదీ మొదలగు గల్ఫు దేశములకు బ్రదుకుతెరువునకై పోయినవారు అసంఖ్యాకులు. వారిలో ఎవరేని అచ్చట కన్నుమూసిన యెడల దేహము స్వగ్రామము చేరుట సులభము కాదు. మరణధ్రువపత్రము, రద్దుచేసిన పాస్‌పోర్టు, అచ్చటి అధికారుల అనుమతి, మన రాయబార కార్యాలయమువారి నిరభ్యంతరపత్రము, ఎంబామింగు జరిగినట్లు ధ్రువపత్రము, ఇవన్నియు సమకూడినగాని విమానమువారు పేటికను ఎక్కించుకొనరు. వేసవి యెండలలో దినములతరబడి ఈ కాగితములు ఒక బల్లనుండి మరియొక బల్లకు నడచుచున్నంతకాలము దేహమును కాపాడునది శీతలగృహమును, ఫార్మలినును. ఆ పిమ్మట శంషాబాదు విమానాశ్రయమున దిగి, అంబులెన్సులో రాత్రికి రాత్రి ఊరు చేరును. తల్లి కడసారి ముఖము చూచును. అట్టి పేటికను తెరచునప్పుడు గాలి బాగుగా వీచుచోట తెరచుట, పసిపిల్లలను దగ్గరకు రానీయకుండుట మంచిది.

అయోధ్యలో తండ్రి దేహము కుమారుని రాకకై నిరీక్షించెను. నేడు మన పల్లెలలో తలిదండ్రులు కుమారుని దేహము రాకకై నిరీక్షించుచున్నారు. తైలద్రోణికిని ఫార్మలినుకును నడుమ ఎన్ని యుగములు గడచినను, కోరబడినది మాత్రము ఒక్కటే: అయినవారు చేరువరకు కొంత వ్యవధి. రసాయనవేత్తలు చేయగలిగినది వారు చేసిరి. కాగితముల జాప్యమునకు మాత్రము మందు కనుగొనవలసినవారు ప్రభుత్వములవారు. దేహము ఒక్కదినము ముందుగా వచ్చుట ఆ యింటివారికి ఎంతటి ఉపశాంతియో, అనుభవించినవారికే తెలియును.

ఫార్మలినుకు మరియొక సదుపయోగము కలదు. 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. వైద్యవిద్యార్థి మొదటి సంవత్సరమున మానవదేహమును కోసి చూచి నేర్వవలెను. ఈ నియమము పాశ్చాత్యులు తెచ్చినదని అనుకొనరాదు. సుశ్రుతసంహిత శారీరస్థానమున, అవయవలోపములేని దేహమును దర్భాదులతో చుట్టి, పంజరములో పెట్టి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడిన పొరలను కూర్చతో మెల్లగా రుద్దుచు లోపలి భాగములను ఒక్కొక్కటిగా కన్నులతో చూడవలెనని చెప్పబడియున్నది. శాస్త్రమువలన తెలిసినదానిని ప్రత్యక్షముగా చూచినగాని జ్ఞానము పూర్ణము కాదని సుశ్రుతుని మతము. నేడు నీటికి బదులు ఫార్మలిను వచ్చినది. ఏడు రాత్రులకు బదులు సంవత్సరముల వ్యవధి లభించినది. కావలసినది దాతలు. 2024 సెప్టెంబరు 12న ఢిల్లీలో మరణించిన తెలుగు నాయకుడు సీతారాం ఏచూరి దేహమును కుటుంబమువారు అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థకు బోధన, పరిశోధనల నిమిత్తము అప్పగించిరి. ఇట్టి దానమునకు మనసొప్పినవారు తమ అభీష్టమును వ్రాతమూలకముగా ఉంచుటయేగాక, ఇంటివారికి ముందుగా చెప్పియుంచుట ముఖ్యము. కడపట నిర్ణయింపవలసినవారు వారే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి చూడగా, ఏ ద్రవ్యమును తనంతట తాను మృతునికి గౌరవమీయజాలదని తేలుచున్నది. నైషు దేహమును సిద్ధము చేసినవారు ఆమె పరలోకసుఖమును కోరిరి. ఆమె వేయి పౌండ్లకు అమ్ముడుపోవునని వారు కలగనలేదు. ఆమెను చూడబోవువారు అది ఒక వింతవస్తువు కాదనియు, ఒక తల్లి కన్న బిడ్డయనియు తలచి, పిల్లలకును అట్లే చెప్పవలెను. సిద్దిపేట పరిసరములలోని రాక్షసగుళ్ల విషయమును అట్టిదే. పొలము చదును చేయుటకు కొన్ని, కంకరకొరకు కొన్ని, నిధులున్నవను భ్రమతో కొన్ని ఇట్టి సమాధులు తెలంగాణమున రూపుమాసిపోవుచున్నవి. వానిలో నిధులు లేవు. ఉన్నవి మట్టికుండలు, త్రుప్పుపట్టిన ఇనుము, కొలది ఎముకలు. మీ చేనిలోనో, ఊరి బయటనో అట్టి రాతివలయము కానవచ్చినయెడల దానిని కదల్పక పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. 40 టన్నుల రాతిని తమవారికొరకు మోసినవారి శ్రమకు మనము చెల్లింపగల మర్యాద అదియే.